నైరుతి తలుపు

మోసెస్ ఎడమచేత్తో సిలిండర్‌ను కౌగిలించుకుని, కుడిచేతిలోని గుడ్డతో దాని ముఖం తుడుస్తున్నాడు. దసరా వెళ్లి పన్నెండు రోజులైంది. ఆయుధపూజ నాడు కౌసల్యా ఆర్కేడ్‌లో ఇనుముతో చేసిన ప్రతిదానికీ పసుపు కుంకుమ పెట్టారు. మంటలార్పే సిలిండర్లు పదకొండింటికీ పూజ జరిగింది. బొట్టు మాత్రం సరిగ్గా లోపలి ప్రెషర్ చూపించే గుండ్రటి అద్దం మీద పడింది. సిలిండర్ మొత్తంలో ముఖంలా కనిపించేది అదొక్కటే మరి. ముల్లు పచ్చగీత మీద ఉందో ఎర్రగీత మీద ఉందో తెలియాలంటే కుంకుమ గోకాలి. గోకితే బిల్డింగు యజమానురాలు కౌసల్యమ్మ మనసు నొచ్చుకుంటుంది. అందుకని మోసెస్ సగం గోకి, సగం ఊహించి, చీటీ మీద ‘బాగుంది’ అని రాసి దారంతో దాని మెడకు కట్టాడు.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. మనిషి పొట్టి. ఏళ్ల తరబడి సిలిండర్లు తూచే స్ప్రింగు కాటా, పనిముట్ల సంచీ ఒకే వైపు మోయడం వల్ల కుడిభుజం రెండంగుళాలు కిందికి దిగింది. ఫొటోలు తీసేవాళ్లు అతన్ని నిటారుగా నిలబడమని చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి కెమెరానే కొంచెం వంచుకునేవారు. ఖాకీ చొక్కా వీపు మీద ఒకప్పుడు కంపెనీ పేరు ఉండేది. ఇప్పుడు ‘సేఫ్’ వరకే మిగిలింది.

మెదక్‌లో ఇంద్రకరణ్ నడిపే ఫైర్ సేఫ్టీ కన్సల్టెన్సీలో అతనిది ఇరవై ఆరేళ్ల కొలువు. ఫంక్షన్ హాళ్లు, బట్టల షాపులు, దవాఖానలు తిరిగి చూడటం, లోపాలు రాయడం అతని పని. ఆ లోపాలు కనపడకుండా రిపోర్టు టైపు చేయించడం ఇంద్రకరణ్ పని. ఇన్నేళ్లలో మోసెస్ కళ్లారా చూసిన మంట ఒక్కటే. నర్సాపూర్ దగ్గర ఒక పెళ్లిలో స్వాగతం అని రాసిన థర్మోకోల్ బోర్డు అంటుకుంది. అతను సిలిండర్ పిన్ను లాగేలోగా వంటమనిషి సాంబారు గుమ్మరించి ఆర్పేశాడు. మగపెళ్లివాళ్లు మంట సంగతి ఆ పూటే మరిచిపోయారు గానీ సాంబారు తక్కువైన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారట.

చర్చిలో అతను ఎప్పుడూ తలుపు పక్కనున్న ఆఖరి బల్ల మీదే కూర్చుంటాడు. భక్తి తక్కువని అందరూ అనుకుంటారు. నిజానికి పాట మొదలయ్యేలోపు తలుపులెన్నో, మనుషులెందరో లెక్కపెట్టుకోకపోతే అతనికి కళ్లు మూసుకోవడం చేతకాదు.

పొద్దున్నుంచి ఎడమచెయ్యి లాగుతోంది. “జర దవాఖాన్లకు పోయి చూపెట్టుకోరాదు” అని భార్య ఎలిశిబా టీ ఇస్తూ అంది. “గ్యాస్” అన్నాడు మోసెస్. సిలిండర్లను ఆ చేత్తోనే కౌగిలించుకుంటాడు కాబట్టి నొప్పి రావడం న్యాయమేనని కూడా అనుకున్నాడు.

రెండో అంతస్తులో స్టడీ హాల్ ఉంది. కిందటేడు ముప్పై కుర్చీలుండేవి. ఈసారి అరవై నాలుగు. గవర్నమెంటు కొలువుల కోసం చదివే పిల్లలు వరసలుగా, అట్టపెట్టెల్లాంటి అరల్లో తలలు దూర్చి కూర్చున్నారు. కిందికి దిగడానికి ముందువైపు మెట్లొక్కటే దారి. దాని వెడల్పు మూడున్నర అడుగులు. అందులో సగం ఆక్రమించి కింది చీరల షాపువాళ్ల బొమ్మలు నిలబడి ఉన్నాయి. మంట లేస్తే ఎందరు దిగగలరో మోసెస్ గోడకు ఆనుకుని మనసులో లెక్క వేశాడు. మళ్లీ వేశాడు. రెండుసార్లూ పిల్లలు మిగిలిపోయారు.

నైరుతి మూలన వెనక తలుపు ఉంది. తొమ్మిదేళ్లుగా దానికి తాళం. తొమ్మిదేళ్లుగా అతని రిపోర్టులో ఒకే వాక్యం: ‘వెనక తలుపు తాళం తీయవలెను.’ దాని కింద ‘వెనక మెట్లు’ అన్న చోట ‘ఉన్నవి’ అని టిక్కు. బిల్డింగు ప్లాన్‌లో ఇనుప మెట్లు ఉన్నాయి మరి. ఆ మెట్లు దిగే పెరట్లో జనరేటర్ పెట్టి గేటుకు తాళం వేశారు. వెనక సందు లేదు. కాబట్టి అతను మెట్లను ఎప్పుడూ ప్లాన్‌లోనే చూశాడు.

ఈసారి తలుపుకు అడ్డంగా కూడా కుర్చీ వేశారు. అందులో స్నిగ్ధ అనే అమ్మాయి ఉంది. నాలుగేళ్లుగా ఇక్కడే చదువుతోంది.

“ఇక్కడ గాలి రాదు కద బిడ్డా, వేరే సీట్ల కూసోరాదు” అన్నాడు.

“ఈ సీట్ల కూసున్నామెకే పోయినసారి నౌకరి వచ్చింది, అంకుల్. నేను ఆర్నెల్లు ఎదురుచూస్తే దొరికింది” అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

మోసెస్ కిందికి దిగాడు. మెట్టుమెట్టుకూ ఆగాడు. కౌసల్యమ్మ చీరల షాపు గల్లా దగ్గర కూర్చుని ఉంది. రేగోడ్ వైపు భూములున్న ఇల్లు. బిల్డింగు తన పేరు మీదే కట్టించుకుంది.

“అమ్మా, ఈసారి ఆ తాళం తియ్యాల్సిందే.”

“షురు చేసినవా. ప్రతి ఏడు గిదే పాట గదనే. నైరుతి తలుపు తెరిస్తే ఇంటి యజమానికి మంచిది కాదని పంతులు చెప్పలేదా?”

“పైన అరవై నాలుగు మంది ఉన్నరు.”

“వాళ్లు యజమానులు కాదు కద.”

తొమ్మిదేళ్లుగా మోసెస్‌కు ఈ చోట తల ఊపి వెళ్లిపోవడం అలవాటు. ఈసారి కాళ్లు కదలలేదు. చేతి నొప్పి కూడా కొంత కారణం కావచ్చు.

“తియ్యకుంటే సంతకం పెట్టనమ్మా.”

షాపులో చీర మడతపెడుతున్నవాళ్లు ఆగారు. కౌసల్యమ్మ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. “తాళంచెవి ఎప్పుడో పోయింది. పలగ్గొట్టుకుంటవో ఏం చేస్కుంటవో నీ ఇష్టం. నైరుతి నీ మెడకే సుట్టుకుంటది, నాకెందుకు.”

స్నిగ్ధ కుర్చీ జరపడానికి పావుగంట పట్టింది. ఈ కుర్చీని వేరెవరికీ ఇవ్వరని ఆమెకు మాట ఇవ్వాల్సి వచ్చింది. తాళం తుప్పు పట్టి ఉంది. నాలుగు సుత్తిదెబ్బలకు ఊడింది. “జర మెల్లగ కొట్టుండ్రి, మాక్ టెస్ట్ నడుస్తుంది” అన్నారెవరో.

మోసెస్ గడియ లాగి, భుజంతో తలుపును బయటికి తోశాడు.

ఎండ ముఖాన కొట్టింది. ముందుకు వేయబోయిన కాలు గాల్లోనే ఆగింది. చౌకట్టు పట్టుకుని నిలబడ్డాడు. బయట ఒక గజం సిమెంటు అరుగు. ఆ తర్వాత ఏమీ లేదు. గోడలోంచి కోసేసిన ఇనుపకమ్ములు నాలుగు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటికి పక్క బిల్డింగు కిటికీ నుంచి తాడు కట్టి ఎవరో తువ్వాళ్లు ఆరేశారు. రెండంతస్తుల కింద జనరేటర్ ఉంది.

మళ్లీ కిందికి దిగాడు.

“మెట్లేవి?”

“కోసేసినం” అంది కౌసల్యమ్మ మామూలుగా. “ఆరేండ్లాయె. నైరుతిల దిగుడు ఉంటే ఇల్లే దిగిపోతదన్నడు పంతులు.”

“నాకు చెప్పలేదు.”

“నువ్వు మెట్లు ఎప్పుడడిగినవ్? ఎప్పుడడిగినా తలుపే అడిగినవ్. నువ్వు అడుగుతవనే ఆ తలుపు గోడ కట్టకుంట ఉంచినం. లేకుంటే ఎప్పుడో కట్టేస్తుంటిమి.”

అది అబద్ధం కాదు. ఆరేళ్లుగా ‘ఉన్నవి’ అన్న టిక్కు తన చేత్తో పెట్టిందే. పొగలో కళ్లు కనపడని పిల్లలు ఆ తలుపు వైపు పరుగెత్తినా కింద పడకుండా ఇన్నాళ్లూ అడ్డుగా ఉన్నది తాను తీయించాలని పోరాడిన తాళమేనని మోసెస్‌కు అప్పుడు అర్థమైంది. ఆ తాళం ఇప్పుడు తన సంచీలో రెండు ముక్కలుగా ఉంది.

షాపు బయట నిలబడి ఇంద్రకరణ్‌కు ఫోన్ చేశాడు.

“సార్, ఎనక మెట్లు లేవు. నేను సంతకం పెట్టను.”

“అరె, సర్టిఫికెట్ పొద్దుగాలనే ప్రింటైంది కద మోసెస్.”

“నా సంతకం?”

“నీది స్కాన్ చేసి కంప్యూటర్ల పెట్టినం, ఐదారేండ్లాయె. నువ్వెందుకు పరేషాన్ అయితవ్? ఇంటికి పోయి జర రెస్ట్ తీస్కో, గొంతు మంచిగ లేదు నీది.”

ఇరవై ఆరేళ్లలో ఆయన మోసెస్‌ను విశ్రాంతి తీసుకోమనడం అదే మొదటిసారి.

మోసెస్ ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో ‘ఇటు దారి లేదు’ అని రాసి తలుపుకు అంటించాడు. పది నిమిషాల్లో కౌసల్యమ్మ ఆయాసపడుతూ పైకొచ్చి దాన్ని చింపేసింది.

“కొలువుల కోసం కష్టపడే పిల్లలు. పొద్దుందాక దారి లేదు, దారి లేదు అని చదువుతుంటే వాళ్లకు నౌకర్లు వస్తయా? జర ఇంగితం ఉండాలె.”

రెండు మూడు తలలు లేచి, నిజమే అన్నట్టు ఊగి, మళ్లీ పుస్తకాల్లోకి వంగాయి.

ఆ తర్వాత మోసెస్ రోడ్డు దాటి మహమూద్ హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాడు.

“తాళం గావాలె భాయ్. గట్టిది.”

“దేనికి?”

“తలుపుకు.”

“ఏం తలుపు చాచా, దుకాణమా, ఇల్లా?”

మోసెస్ ఆలోచించాడు. “ఎవ్వరు తెరవొద్దు” అన్నాడు.

మహమూద్ ఉన్నవాటిలో పెద్దది తీశాడు. మూడు తాళంచెవులు వచ్చాయి. మోసెస్ మళ్లీ రెండంతస్తులు ఎక్కాడు. ఈసారి మధ్యలో బొమ్మల పక్కన కూర్చున్నాడు. చీర కట్టుకున్న బొమ్మ చెయ్యి అతని తల మీదుగా వెళ్లింది. చూసినవాళ్లకు దీవిస్తున్నట్టు ఉంటుంది. చెమట ఆరాక లేచాడు. తొమ్మిదేళ్లుగా తెరవమన్న తలుపుకు స్వయంగా తాళం వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు. స్నిగ్ధ కుర్చీని మళ్లీ తలుపుకు ఆనించుకుంది.

“థ్యాంక్స్ అంకుల్. గాలికి పేజీలు ఒకటే ఎగురుతుండె.”

“మంట గిట్ల అయితే ముందు మెట్లనే దిగాలె బిడ్డా. ఇటు రావొద్దు.”

“సరే అంకుల్” అంది పేజీ తిప్పుతూ.

రెండు తాళంచెవులు కౌసల్యమ్మకు ఇచ్చాడు. ఆమె వాటిని గల్లాపెట్టెలో పిన్నీసుల మధ్య పడేసింది. మూడోది చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎలిశిబా అన్నం పెట్టింది. నాలుగు ముద్దలు తిని చాలన్నాడు. ఆమె చెయ్యి కడిగించి, “ఏమాయె ఇయ్యాల?” అంది.

“ఏం లేదు. తలుపు ఒకటి పెట్టొచ్చిన.”

మంచం మీద పక్కకు ఒరిగాడు, ముఖం గుమ్మం వైపు పెట్టి. నాలుగింటికి ఆమె టీ తెచ్చేసరికి కప్పు పట్టుకోవడానికి చెయ్యి లేవలేదు. టీ పక్కన పెట్టి ఆమె చాలాసేపు పిలిచింది.

సమాధి చేసే రోజున ఇంద్రకరణ్ పెద్ద పూలదండ తెచ్చాడు. మోసెస్ లాంటి నిజాయితీపరుడు దొరకడని నలుగురితో అన్నాడు. కౌసల్యమ్మ రాలేదు. కానీ షాపులో, నైరుతి తెరిచినవాళ్లకు ఏమవుతుందో నెలరోజులు చెప్పింది. చీరలు కొనేవాళ్లు శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాతి ఏడాది మోసెస్ నిజాంపేట వైపు రెండు ఫంక్షన్ హాళ్లు, ఒక బట్టల షాపు, కౌసల్యా ఆర్కేడ్ తనిఖీ చేశాడు. అన్నీ బాగున్నాయని కంప్యూటర్‌లోంచి సంతకం పెట్టాడు. స్టడీ హాల్లో కుర్చీలు డెబ్బై రెండయ్యాయి.

చొక్కా ఉతకబోతూ ఎలిశిబా జేబులో తాళంచెవి చూసింది. కొత్తది. ఇంట్లో దానికి తాళం ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. బీరువాకు పెట్టి చూసింది. ట్రంకుపెట్టెకు, సైకిల్‌కు, మేడ మీది గది తలుపుకు కూడా పెట్టి చూసింది. ఏదో ఒక అవసరం లేకుండా ఆయన వస్తువు ఇంటికి తేడని, క్యాలెండర్ మేకుకు ఎర్రదారంతో వేలాడదీసింది. ఫ్యాను వేసినప్పుడల్లా అది గోడను మెల్లగా తడుతూ ఉంటుంది.