చెవి తమ్మె

శుక్రవారం మిరపకాయ బజ్జీలు ఉమారాణి వంతు. వంతు అనేది మాటవరసకే, ఆ ఇంట్లో ఇంకెవరికీ ఏ వంతూ వచ్చింది లేదు. సౌదీలో, మలాజ్ పేటలోని ఆ రెండు గదుల ఫ్లాట్ హాల్లో మొగుడు జనార్దన్, అతని ఆఫీసు స్నేహితులు మూడుముక్కలాట వేసుకుని కూర్చున్నారు. పందేనికి పైసల్లేవు, ఖర్జూరం గింజలే. ఆమె పళ్లెం పట్టుకుని వంగేసరికి ప్రసాద్ ముక్కలు కింద పడేసి "ప్యాక్" అన్నాడు. ప్యాక్ అంటే ఇక నా వల్ల కాదు, ఆటలోంచి తప్పుకుంటున్నానని.

"వదినా, మీకొచ్చా పేకాట?" అని నవ్వాడు ప్రసాద్.

"ఆమెకేడ వస్తదిరా! చాయ్ పెట్టుడు వస్తది," అన్నాడు జనార్దన్, చెవి తమ్మె నలుపుకుంటూ.

ఉమారాణికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెళ్లికి ముందు ఆమె బతుకంతా పేకల మీదే నడిచింది. పోకర్ టోర్నమెంట్లు ఆడటమే ఆమె ఉద్యోగం. గోవాలో ఆఖరి టేబుల్ మీద మగాళ్లందరినీ ఒక్కొక్కరినే లేపి ఇంటికి పంపి చాంపియన్ కప్పు ఎత్తుకుంది. పెళ్లి కుదిరిన కొత్తలో ఇదే జనార్దన్ ఆ ఫొటో ఫోన్లో పెట్టుకుని కనపడినవాడికల్లా చూపించుకున్నాడు. పెళ్లయ్యాక కప్పు బియ్యం డబ్బా వెనక్కి చేరింది. "కోడలు పేకలాడ్తదంటే నల్గుర్ల తలెట్ల ఎత్తుకోవాలె?" అంది అత్త. కొడుకు వారం వారం ఆడుతున్నా ఆవిడ తల మాత్రం నిక్షేపంగా నిలబడే ఉంది. "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా," అనేది మొగుడి మాట. వంట, బట్టలు, పాప స్నిగ్ధ చదువు, వచ్చేపోయే వాళ్ల చాయ్‌లు, అన్నీ ఆ ఖాళీలోనే.

పోకర్‌లో చేతిలో ముక్కలకన్నా ఎదుటి మనిషిని చదవడం ముఖ్యం. అబద్ధం ఆడేటప్పుడు ప్రతి మనిషికీ ఒక తీరుంటుంది. జనార్దన్‌కి చెవి తమ్మె. ఆ సంగతి పెళ్లిచూపుల్లోనే కనిపెట్టింది. "పెండ్లయినంక గూడ ఆడుకో, నాకేంది," అంటూ నలుపుకున్నాడు. అయినా చేసుకుంది. అంత ఆటగత్తె అక్కడ అంత తేలిగ్గా ఓడిపోయినందుకు ఇప్పటికీ తన మీద తనకే కోపం.

గోవా నుంచి మళ్లీ పిలుపొచ్చింది, పాత చాంపియన్లకని పెట్టిన టోర్నమెంటు. పాస్‌పోర్టు అల్మారాలోనే ఉంది. కానీ సౌదీ దాటి మళ్లీ రావాలంటే ఎగ్జిట్ రీ-ఎంట్రీ అనే అనుమతి కావాలి. అది ఇచ్చేది స్పాన్సర్. పెళ్లాం పిల్లల ఇఖామాలు, అంటే ఇక్కడుండే పర్మిట్లు, మొగుడి మీదే కాబట్టి స్పాన్సరూ మొగుడే. అతని ఫోన్లో ఒక్క నొక్కు, అంతే పని. అడిగినప్పుడల్లా ఒక సాకు.

"యాప్ ఓపెన్ అయితలేదు." చెవి తమ్మె.

"హెచ్చార్ల అడుగుత." చెవి తమ్మె.

టేబుల్ మీద అబద్ధం పట్టుకుంటే కప్పు ఇస్తారు. ఇంట్లో పట్టుకుంటే ఆ అబద్ధానికే అన్నం వడ్డించాలి.

గోవాకు జవాబివ్వడానికి ఇవాళే ఆఖరు. స్నేహితులు మెట్లు దిగగానే అడిగేసింది.

"అబద్ధాలు చాలు. ఇస్తరా, ఇయ్యరా?"

జనార్దన్ కోప్పడలేదు. నింపాదిగా ఫోన్ తీశాడు. యాప్ ఎంచక్కా తెరుచుకుంది.

"పోతనంటే పో. రీ-ఎంట్రీ గాదు, ఫైనల్ ఎగ్జిట్ కొడ్త. మళ్ల నేను వీసా తీస్తెనే వస్తవు. పాప నా ఇఖామా మీదున్నది, ఈడ్నే ఉంటది."

లోపలి గదిలో స్నిగ్ధ ఎక్కాలు వల్లె వేస్తోంది. ఉమారాణి అతని చేతినే చూసింది. ఏ ఫైనల్లోనూ ఇంత భయపడలేదు. లే, ఒక్కసారి ఆ చెవి దగ్గరికి వెళ్లు, అని లోలోపల బతిమాలుకుంది. ఒక చేతి వేలు ఫోన్ మీద ఉంది. రెండోది ఒళ్లో ఉంది. కదల్లేదు. మొగుడు నిజమే చెబుతున్నాడు.

"ఏమంటవ్ మరి?"

"ప్యాక్," అంది.

అతను గతుక్కుమన్నాడు. "ఏంది, బట్టలా?"

"కాదు," అంది ఉమారాణి, ఎంగిలి కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడుతూ. "ముక్కలు."