ముగ్గురూ ఒప్పుకున్న సినిమా

ఆ ఆదివారం మా చెరువు పట్టుబడి. గణపవరం దాటి కొల్లేరు వైపు మాకు రెండు చేపల చెరువులున్నాయి. వల లాగిన రోజున సరుకంతా లారీకి ఎక్కించి, పక్కకు తీసిన కూర చేపలు ఇంటికి పంపిస్తారు. వాటిని తోమి, కోసి, కవర్లలో కట్టి చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ పంపడం నా పని. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ పని నీదని ఎవరూ చెప్పలేదు, అలాగని ఇంకెవరూ చేయనూ లేదు. వారమంతా ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి పిల్లలతో అరిచి అరిచి, ఆదివారం కాసేపు నడుం వాలుద్దామనుకుంటే బొచ్చె చేప పొలుసులు జుట్టులోకి ఎగిరిపడుతుంటాయి. మా అత్తగారు రాజ్యంగారు ఎదురుగా కుర్చీ వేసుకుని ఏ కవరు ఎవరికో చెబుతారు. "కాపలావాళ్ల కవర్లో మధ్య ముక్కలు వెయ్యమ్మా, గాయత్రీ. కడుపులో గుడ్ల జన ఉంటే అదీ పెట్టు. ఎండనకా వాననకా చెరువు దగ్గర పడుంటారు, పాపం" అంటారు ప్రతిసారీ. నేనూ పాపమే అనుకుని ఏరి మరీ వేస్తాను.

హాల్లో మా ఏడేళ్ల పింకీ టీవీలో తెలుగులోకి డబ్ చేసిన బొమ్మల సినిమా చూస్తోంది. కత్తిపీట ముందు కూర్చుంటే నాకూ కనిపిస్తుంది. ఈ సినిమాలంటే నాకు చిన్నప్పట్నుంచీ మమకారం, ఒళ్లుమంట, రెండూ ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో మా మేనత్తగారింట్లో క్యాసెట్టు అరిగిపోయేదాకా చూసేదాన్ని. అన్నింట్లోనూ ఒకడే రాకుమారుడు, ఒకటే ముద్దు, పెళ్లి, శుభం. మర్నాడు పొద్దున్న ఆ కోటలో అంట్లు ఎవరు తోమారో ఒక్కడూ చూపించలేదు. ఇష్టమంటే ఒక్కరే, చచ్చేదాకా ఆ ఒక్కరే అని నాకు నేర్పింది ఆ బొమ్మలే. మగపిల్లలూ అవే చూశారు కదా, మరి వాళ్లకేం నేర్పాయో.

ఈ సినిమా వేరుగా ఉంది. ఒక ఉడుత పిల్లకి పాటలు పాడే ఉడుతంటే ఇష్టం, గూళ్లు కట్టే ఉడుతన్నా ఇష్టమే. ఇద్దరిలో ఒకడు చెడ్డవాడని తేలుతుందిలే, లేకపోతే వాగులో పడి కొట్టుకుపోతాడులే అని చూస్తున్నాను. ఎప్పుడూ అలాగే కదా అడ్డు తప్పిస్తారు. ఎవరూ పోలేదు. ఉడుత పిల్ల ఇద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పింది. పాటగాడు ఏడ్చాడు, నాలుగు రోజులు అలిగాడు, తర్వాత తనంతట తనే వచ్చి సరేనన్నాడు. ముగ్గురూ ఒకే చెట్టు తొర్రలో కాపురం పెట్టారు. పిల్లల సినిమాలో ఇదేం చోద్యమని, కోస్తున్న చేప అలాగే పట్టుకుని నోరు తెరిచి ఉండిపోయాను.

అత్తగారైతే ఛీ ఛీ, ఒక ఆడదానికి ఇద్దరా అంటూ రిమోటు కోసం వెతికారు. చెరువు నుంచి అప్పుడే వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న మా ఆయన గోపీచంద్ అక్కడి నుంచే అందుకున్నారు. ఇలాంటివి చూస్తే ఆడపిల్ల చెడిపోదా, టీచరువై ఉండి పట్టించుకోవా అని. నాకూ నిజంగానే సిగ్గేసింది. వద్దమ్మా, ఛానల్ మార్చు అన్నాను పింకీతో.

పింకీ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "ఇద్దరుంటే ఏమైంది? నాన్నకీ ఇద్దరున్నారుగా. నువ్వూ, చెరువు దగ్గర చాందిని పిన్నీ" అంది.

పిల్ల ఏదో వాగిందని నవ్వబోయి, పెరటి గుమ్మంలోకి వచ్చిన ఆయన మొహం చూశాను. కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. కోపంగా ఉన్నారు, అదీ కొడుకు మీద కాదు. "అమ్మకి చెప్పొద్దన్నానా లేదా?" అన్నారు పింకీతో.

మొగుళ్లు చేసే మోసాలు స్టాఫ్‌రూంలో చాలానే విన్నాను. ఏడేళ్ల పిల్ల చేత, రోజూ నా మెడ చుట్టూ చేతులేసుకుని పడుకునే పిల్ల చేత, నా దగ్గరే దాపరికం చేయించడం మాత్రం ఎక్కడా వినలేదు. ఆదివారం ఆదివారం ఆయన చెరువు చూపిస్తానని బండి మీద తీసుకెళ్తుంటే కూతురంటే ఎంత ముద్దో అని మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

ఆవిడకి ఫోన్ చెయ్యండి అన్నాను. ఆయన తువ్వాలు తీసుకుని కాళ్లు తుడుచుకోసాగారు. పింకీయే బల్ల మీంచి ఆయన ఫోన్ తెచ్చి, "మేత షాపు అని ఉంటుందమ్మా" అని చూపించింది. దానికి అదీ తెలుసు. నీచు చేతులతోనే నొక్కాను. అవతల గొంతు మెత్తగా ఉంది. నేనెవరో చెప్పగానే భయపడుతుందనుకున్నాను, సంతోషపడింది.

"గాయత్రిగారాండీ? మీతో మాట్లాడాలని ఎప్పట్నుంచో ఉందండి. మీకంతా తెలుసనీ, మీరు ఒప్పుకున్నారనీ ఆయన చెబితే మొదట్లో నమ్మలేదండి. పట్టుబడైన ప్రతిసారీ మధ్య ముక్కలూ, జనా మీ చేత్తో ఏరి పంపిస్తుంటే అప్పుడు నమ్మానండి."

కాపలావాళ్ల కవరు ఇన్నాళ్లూ ఎక్కడికి వెళ్లిందో అప్పుడు తెలిసింది. నాకిప్పుడే తెలిసిందండీ, నేనెప్పుడూ ఒప్పుకోలేదు అన్నాను. "అయ్యో" అంది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆమెనీ నాలాగే నమ్మించారు.

ఫోన్ పెట్టేసరికి అత్తగారు మొదలుపెట్టారు. మగాడన్నాక, తిండికి లోటు చేశాడా, బట్టకి లోటు చేశాడా అని. ఇందాక ఉడుతల్ని ఛీ అన్నదీ ఈవిడే. ఆయన గొంతు తగ్గించి, పిల్ల ముందు ఎందుకు, గదిలోకి రా మాట్లాడదాం అన్నారు. గదిలోకి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన బతిమాలతారు, నేను ఏడుస్తాను, సాయంత్రం ఎసట్లో బియ్యం పోస్తాను. ఆడదంటే అడగకపోయినా, చెప్పకపోయినా సర్దుకునేదని హాల్లో కూర్చున్న పింకీ నేర్చుకుంటుంది. ఏ సినిమా చూసినా చెడిపోదు గానీ, అది చూస్తే చెడిపోతుంది నా పిల్ల.

"ఇక్కడే మాట్లాడదామండి" అన్నాను. "ఆవిడకి నేను ఒప్పుకున్నానని చెప్పారట. ఎప్పుడడిగారు నన్ను?"

"అడిగితే ఒప్పుకునేదానివా?" అన్నారు ఆయన.

"ఒప్పుకోనండి. అది తెలిసే అడగలేదు మీరు."

పింకీ పుస్తకాలూ, యూనిఫామూ, నా చీరలు నాలుగూ బ్యాగులో పెట్టాను. మా మేనత్తగారింటికి వెళ్లే గూడెం బస్సు నాలుగింటికి. పింకీ గుమ్మం దగ్గర ఆగిపోయి, చెప్పులు వేసుకోకుండా ఏడుపు మొహంతో నా వైపు చూసింది. "నేను చెప్పేశాననా అమ్మా, వెళ్లిపోతున్నాం?"

కూర్చుని దాని కాళ్లకి చెప్పులు తొడిగాను. "ఈ ఇంట్లో నాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివేనమ్మా. అందుకే నిన్నొక్కదాన్నే తీసుకెళ్తున్నాను."