బద్లీ డ్రైవర్

సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్ళకు బద్లీ కొత్త సంగతి కాదు. ఒకడికి జ్వరమొస్తేనో, ఊళ్ళో ఎవరైనా పోతేనో ఇంకొకడు వచ్చి ఆ సాంచెల ముందు నిలబడతాడు. హాజరు మాత్రం రానివాడి పేరు మీదే పడుతుంది. గుడ్డ దిగితే చాలు, ఏ చేతులు నేశాయో సేఠ్‌కు అక్కర్లేదు. సూరత్‌కు కోడలిగా వచ్చిన నాటినుంచి భాగీరథి తాముండే గోడాదరాలో చూస్తున్నది అదే. అందుకే అన్న నర్సింగం "పోలీసుల ముంగట నేను బద్లీ నిలవడత" అన్నప్పుడు ఆమెకు అది తప్పులా తోచలేదు. పని లాగే తోచింది.

బండి భాగీరథి పేరు మీద ఉంది. భర్త పోయాక కొన్న ఛోటా హాథీ, చిన్న సరుకుల బండి. కార్ఖానాల నుంచి తాకాలు, అంటే నేసిన గుడ్డ చుట్టలు, రింగ్ రోడ్ మార్కెట్లకు చేరవేస్తుంది. నడిపేది నర్సింగం. ఆయన వయసంతా సాంచెల మధ్యనే గడిచింది. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడదు. చెవులు మిల్లులో కుదువబెట్టి వచ్చానని తనమీద తనే నవ్వుకుంటాడు. లైసెన్సు మాత్రం చెవులు బాగున్న రోజుల్లో తీసుకున్నది.

ఆయన హారన్ మీద చెయ్యి వేసేవాడు కాదు. పొద్దున రాత్రిపాళీ వదిలే వేళకు నవాగామ్ దారంతా సాంచెల మనుషులే నడుస్తుంటారు. వాళ్ళ వెనక బండిని నడక మీద పోనిచ్చేవాడు. ఎవరైనా తొందరపెడితే ఒకటే మాట అనేవాడు.

"నాకు ఇనవడదు, వాళ్ళకు ఇనవడదు. ఇగ హారన్ ఎవరికి, దేవునికా?"

ఆ రోజు ఆయనకు జ్వరం. సరుకు మార్కెట్‌కు చేరాలి. భాగీరథి అల్లుడు సంపత్ రింగ్ రోడ్‌లో పార్సిళ్ళు కట్టే పని చేస్తాడు. అక్కడి పార్కింగ్‌లోనే బండి నేర్చుకున్నాడు. లైసెన్సు లేదు. భాగీరథికి ఆ సంగతి తెలుసు. తెలిసే, దేవుడి పటం పక్కన మేకుకు తగిలించిన చావి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇయ్యాల్టికి మామకు బద్లీ పో బిడ్డా. పైలంగ పోవాలె."

"మామ తీరు ఎడ్లబండి తోలుతననుకున్నవా అత్తా? నువ్వు చాయ్ తాగేలోపట రింగ్ రోడ్ల ఉంట చూడు" అని సంపత్ నవ్వుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు అతని మొహంలో నెత్తురు లేదు. బండి ముందు దీపం పగిలి ఉంది. సరుకు దించే వచ్చాడు. నవాగామ్ మలుపు దగ్గర ఒక మనిషి బండి కింద పడ్డాడని గడపలోనే చెప్పాడు.

"హారన్ మీద హారన్ కొట్టిన అత్తా. జరగనే లేదు. టిఫిన్ డబ్బా పట్టుకొని నడిరోడ్డు మీద నడుస్తనే ఉన్నడు."

భాగీరథి కూతురు సింధూజ ఏడో నెల కడుపు మీద చెయ్యి పెట్టుకుని మేనమామ వైపు చూసింది. మంచం మీద దుప్పటి కప్పుకున్న నర్సింగానికి ఒక్క ముక్కా వినబడలేదు. "ఏందట?" అని అందరినీ అడుగుతున్నాడు.

"ఆపినవా?" అంది భాగీరథి.

"జనం కొడ్తరని భయమైంది."

"ఆపినవా అంటున్న."

సంపత్ తల అడ్డంగా ఊపాడు.

సింధూజ వెళ్ళి నర్సింగం చెవిలో అరిచి చెప్పింది. ఆయన దుప్పటి తీసేసి లేచి కూర్చున్నాడు.

"పిల్ల కడుపుతోటి ఉన్నది. దీని పెనిమిటి జైలుకు పోతే ఎట్ల? నాకు ఎన్క లేదు, ముందు లేదు. లైసెన్సు నా జేబుల ఉన్నది. నేనే నడిపిన్నని చెప్పున్రి."

సంపత్ ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "సంటిపిల్లగాని తీరు చేస్తవేంది, లే" అన్నాడు నర్సింగం.

సాయంత్రం పోలీసులు వచ్చారు. రోడ్డు మీది కెమెరాలో నంబరు దొరికిందట. ముందు నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ గుజరాతీవాడు. హిందీలో నెమ్మదిగానే చెప్పాడు.

"మాసీ, బండి నీ పేరు మీద ఉంది. ఆ వేళ ఎవరు నడిపారో చెప్పవలసిన బాధ్యత ఓనర్‌దే. చెప్పకపోతే అదొక నేరం. అబద్ధం చెబితే ఇంకొకటి. ఎవరు?"

"మా అన్న" అంది భాగీరథి.

"పొద్దున ఇద్దరూ స్టేషన్‌కు రండి. ఆ మనిషి ఆస్పత్రిలో ఉన్నాడు. బతకాలని మొక్కుకోండి."

మొక్కుకున్నారు. తెల్లారేసరికి మనిషి లేడని తెలిసింది.

స్టేషన్‌లో బెంచీ మీద ఒక ఒడియా మనిషి కూర్చుని ఉన్నాడు. బనీను మీద ఇంకా నూలు పీచు ఉంది. చనిపోయినవాడూ ఇతనూ ఒకే గదిలో ఉండేవాళ్ళట. శవాన్ని ఇప్పించే కాగితం కోసం వచ్చాడు. నర్సింగం వంగిన భుజాలు చూడగానే జరిగి చోటిచ్చాడు. నోరు తెరవకుండా, సాంచెల చప్పుడులో మాట్లాడుకునే తీరున, వేళ్ళతో ఏదో అడిగాడు. నర్సింగం వేళ్ళతోనే జవాబు చెప్పాడు. ఏ కార్ఖానా, ఎన్నేళ్ళు అన్నదేదో అయి ఉంటుంది. వీళ్ళెవరో అతనికి తెలియదు.

తర్వాత భాగీరథి వైపు తిరిగి హిందీలో చెప్పాడు. "మా వాడికీ ఇట్లాగే వినబడదు. హారన్ కొడితే ఏం లాభం? పడ్డాక కూడా చాలాసేపు తెలివి ఉందట. నీళ్ళు అడిగాడట. అంబులెన్స్ వచ్చేసరికి నెత్తురంతా పోయింది. గుద్దినవాడు అదే బండిలో వేసుకుని తెస్తే బతికేవాడన్నాడు డాక్టర్."

"అవునా" అంది భాగీరథి.

ఇన్‌స్పెక్టర్ పిలిచాడు. నర్సింగాన్ని ఒకటి రెండు అడిగాడు. ఆయన నవ్వుమొహంతో చూస్తూ ఉండిపోయాడు. ఇన్‌స్పెక్టర్ విసుగ్గా రాసిన కాగితం భాగీరథికే చదివి వినిపించాడు. బండి నేనే నడిపాను. నేనే గుద్దాను. మనిషి పడడం చూసి కూడా ఆపలేదు. ఆస్పత్రికి తీసుకుపోలేదు, పోలీసులకు చెప్పలేదు, పారిపోయాను.

"మీ భాషలో ఇతనికి వినిపించు మాసీ. సరే అంటే సంతకం పెట్టాలి."

భాగీరథి అన్న ఎడమ చెవి దగ్గరికి వంగింది.

"బండి నువ్వే నడిపినవని రాసిన్రు!"

నర్సింగం తలూపాడు.

"నువ్వే గుద్దినవని రాసిన్రు!"

తలూపాడు. గది అంతా వాళ్ళనే చూస్తోంది. బెంచీ మీది మనిషికి భాష తెలియదు గానీ సంగతి అర్థమవుతున్నట్టుంది. లేచి నిలబడ్డాడు.

"ఆపకుంట..." అని భాగీరథి ఆగిపోయింది.

"ఏంది? జర గట్టిగ చెప్పు" అన్నాడు నర్సింగం.

బండి కింద మనిషి పడడం ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. పడ్డవాణ్ణి వదిలి పోవడం అన్నకు చేతకాదు. రోడ్డు మీద కుక్కపిల్లకు దెబ్బ తగిలితేనే దిగి చూసే మనిషి. ఆ మాట ఆమె అరిస్తే ఆయన కాదనడు. దానికీ తలూపుతాడు. ఆ తలూపడం చూడాలంటే ఆమెకు భయమేసింది.

నడుము నిలబెట్టి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మా అన్న కాదు సాబ్. మా అల్లుడు. సంపత్."

ఇన్‌స్పెక్టర్ కలం కింద పెట్టాడు.

"లైసెన్సు ఉందా?"

"లేదు."

"చావి ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చిన."

"లైసెన్సు లేదని తెలిసే ఇచ్చావా?"

"తెలుసు."

"అయితే నీ మీదా కేసు రాయాలి. నిన్నటి అబద్ధం వేరే." ఆయన నర్సింగాన్ని తేరిపార చూశాడు. "చెవులు వినబడని ఈయనకు రోజూ బండి ఇస్తున్నదీ నువ్వేనా?"

భాగీరథి తలూపింది. హారన్ లేకుండా, నడక మీద, ఒక్క మనిషికీ గీత పడకుండా ఆయన నడిపిన రోజుల గురించి చెబుదామనుకుంది. ఆ కాగితంలో దానికి చోటు లేదు. ఒడియా మనిషి ఆమెనే చూస్తున్నాడు. ఇందాక చోటిచ్చిన ముఖం కాదది.

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ను పిలిచి గోడాదరా అడ్రసు చెప్పాడు. భాగీరథి సంచిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. సింధూజ. తీయలేదు. ఆగి మళ్ళీ మోగింది.

నర్సింగం బల్ల మీది కలం అందుకుని కాగితం తన వైపు జరుపుకున్నాడు.

"ఏడ వెట్టాలె చెల్లే సంతకం?"

ఆమె ఆయన వేళ్ళ మధ్య నుంచి కలం తీసేసింది. ఆయనకు అర్థం కాలేదు. ఆమె మొహం చూశాడు, ఇన్‌స్పెక్టర్ మొహం చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. జీపు గేటు దాటుతోంది.

"గా జీపు ఎటు పోతున్నది?"

భాగీరథి ఆయన చెవి దగ్గరికి వంగి, స్టేషనంతా వినబడేలా అరిచింది.

"మనింటికే అన్నా."