అడ్డుగోడ కొట్టేయండి

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కాపురం ఉంటున్న ఇంటినే బాగుచేయించి చూడమని ఎందుకనలేదో మరి. ఇరవై మూడు రోజులుగా మా వంటింటి గిన్నెలు పడగ్గదిలో, పడగ్గది బట్టలు వరండాలో ఉన్నాయి. చెంచా కావాలంటే చీరల మూట విప్పాలి. నాకు అసలే కుదురు తక్కువ. పొద్దున్నే సుత్తి చప్పుడు వినబడకపోతే కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాను. వినబడితే, ఇంకెన్నాళ్లని మేస్త్రి ప్రాణం తీస్తాను.

ఆ మేస్త్రికి మేం పెట్టుకున్న పేరు సరేనండి. పగలగొట్టడం, కట్టడం, రంగులు వేయడం అన్నీ అతని మనుషులే చేస్తారు. మా ఆయన చెప్పినదానికి సరేనండి అంటాడు. నేను వెళ్లి సరిగ్గా దానికి ఎదురు చెబితే దానికీ సరేనండి అంటాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా సందివ్వడు.

మా ఆయనకీ నాకూ గట్టిగా చెడింది ఒక్క గోడ దగ్గరే. హాలుకీ నడవకీ మధ్య సన్నటి అడ్డుగోడ ఒకటుంది. అది తీసేస్తే హాలు విశాలమవుతుందని ఆయన పట్టు. దాని జోలికి వెళ్లడానికి వీల్లేదని నా పట్టు. మావయ్యగారికి చూపు పోయి తొమ్మిదేళ్లయింది. తన గదిలోంచి స్నానాలగదికి ఆ గోడ మీద చెయ్యి ఆనించుకుని వెళతారు. గది తలుపు, క్యాలెండరు మేకు, స్విచ్చుల బోర్డు, ఆ తర్వాత స్నానాలగది తలుపు. ఇన్నేళ్లలో ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పట్టుకోబోతే విదిలించుకుంటారు. ఆ గోడ పోతే ఆయన పౌరుషం పోయినట్టే.

మూడు వారాలు పోట్లాడి గెలిచాను. గోడ ఉంటుంది, రంగు వేయిస్తే చాలు అని మా ఆయన ఒప్పుకున్నారు. ఆ మాట మేస్త్రికి తనే చెబుతానన్నారు. చెప్పారో లేదో నేను అడగలేదు. గెలిచిన సంబరంలో ఉన్నాను.

పళ్ల డాక్టరు దగ్గర వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే ఉద్యోగం నాది. గురువారం మధ్యాహ్నం జనం కిక్కిరిసి ఉండగా మేస్త్రి ఫోన్ చేశాడు. హాలు గోడలన్నీ కొట్టడం అయిపోయిందట, రెండో పూత ఆరుతోందట. ఇటు దవడ పట్టుకుని ఒకావిడ నా బల్ల మీద వాలిపోయి మూలుగుతోంది.

"మరి అడ్డుగోడ సంగతేంటమ్మా?" అన్నాడు.

"ఇంకా దాన్ని అలాగే ఉంచారా? అది కూడా కొట్టేయండి. నేనొచ్చేసరికి అయిపోవాలి."

అతను సరేనండి అన్నాడు.

రంగు కొట్టడమూ కొట్టడమే, గోడ కొట్టడమూ కొట్టడమే. ఆ సంగతి సాయంత్రం తలుపు తీశాక గానీ నాకు తట్టలేదు. గుమ్మంలోంచి చూస్తే స్నానాలగది తలుపు నేరుగా కనబడింది. మధ్యలో మోకాలెత్తు ఇటుకల వరస ఒకటి మిగిలింది, అదీ పళ్లూడిన చిగుళ్లలా ఉంది. ముక్కలన్నీ గోనెసంచుల్లోకి ఎత్తి, నేల తుడిచి, మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు మేస్త్రి.

అరిచాను. ఇన్ని రోజుల విసుగూ అతని మీద కుమ్మరించాను. అతను మొదటిసారి సరేనండి అనలేదు. గోడ కొట్టేయమన్నది మీరే కదా అన్నాడు. మూడు వారాలుగా అయ్యగారు అదే అంటున్నారు, చివరికి మీరూ ఒప్పుకున్నారనుకున్నా అన్నాడు. అయినా మనసొప్పక, సుత్తి ఎత్తేముందు తాతగారిని కూడా అడిగానన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నా మాట నాకే తిరిగి తగిలింది.

మావయ్యగారు హాల్లో మూల కుర్చీలో ఉన్నారు. చేతులు చంకల్లో దోపుకుని, బిగుసుకుని కూర్చున్నారు. నేను వెళ్లి ఆయన కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాను.

"మీరైనా వద్దనలేదా మావయ్యగారూ?"

"నువ్వు చెప్పావన్నాడు."

"చెబితే మాత్రం?"

"మావాడు చెప్పాడంటే కర్ర పుచ్చుకుని అడ్డం పడేవాణ్ని. నువ్వు చెప్పావన్నాడు. పోనీలే, నాతో నువ్వు కూడా విసిగిపోయావనుకున్నాను."

నేను కొట్టమన్నది రంగు అని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, రెండుసార్లు చెప్పాను. ఆయన "రంగా?" అన్నారు. ఆ మాటనే మళ్లీ ఒకసారి తనలో తను అనుకున్నారు. మొహం కొంచెం సడలింది. గోడ మళ్లీ ఎప్పటికి లేస్తుందని మేస్త్రిని అడిగారు. ఎల్లుండి సాయంత్రానికి లేపేస్తానని, కూలి కూడా వద్దని అతను మెల్లగా అన్నాడు.

"అయితే ఎల్లుండి దాకానే" అని నాకు షరతు పెట్టి, చంకలోంచి చెయ్యి తీసి నా వైపు చాచారు మావయ్యగారు.

ఆ చేతికి వేళ్ల దగ్గర్నుంచి మోచేతి దాకా ఎర్రటి ఇటుక దుమ్ము. నేను రాకముందే ఎప్పుడో, ఎవరినీ పిలవకుండా, ఒక్కరే లేచి వెళ్లి గోడ కోసం వెతుక్కున్నారు.