సాంబయ్య కారులో ఎర్ర లైటు

జలపతికి కోరుట్లలో ఆటో ఎలక్ట్రిక్ దుకాణం ఉండేది. ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడకు వేలాడే వైరు చుట్టలు. డాష్‌బోర్డు మీద వెలగకూడని లైటు వెలిగినా, వెలగాల్సింది వెలగకపోయినా డ్రైవర్లు అతని దగ్గరికే వచ్చేవాళ్ళు.

తొంభై ఒకటి ఎండాకాలంలో ఒక పొద్దున అతడు దుకాణం తెరిచేసరికి కళావతి నిలబడి ఉంది. అంబాసిడర్ టాక్సీ నడిపే సాంబయ్య భార్య. కాళ్ళకు చెప్పులు లేవు.

“అన్నా, ఆయనను పోలీసోళ్ళు క్యాంపుల కూసోవెట్టిండ్రు. నిన్న పోయినోడు ఇంకా ఇంటికి రాలే.”

ఆ రోజుల్లో పోలీసులకు బండి కావాలంటే అడ్డా మీదున్న టాక్సీని తీసుకుపోయేవాళ్ళు. అడిగేదీ లేదు, కాదనేదీ లేదు. నిన్న ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్ళు సాంబయ్య కారెక్కి కథలాపూర్ వైపు పోయారు. దారిలో కాలువ మీది మోరీ ఎక్కుతుండగా డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. ఆ లైటు వెలిగిందంటే ఇంజనుకు ఆయిలు అందడం లేదని అర్థం. ఇంకో మైలు నడిపితే ఇంజను పట్టేస్తుంది. డ్రైవరన్నవాడు ఉన్నచోటే ఆపాలి. సాంబయ్య ఆపాడు.

కానీ మోరీ మీద పోలీసుల బండి ఆగడమంటే అప్పట్లో దానికి వేరే అర్థం ఉంది. మోరీల కింద నక్సలైట్లు మందుపాతరలు పెడుతున్న కాలం. పోలీసులు దుమికి పొలంలో బోర్లా పడుకున్నారు. అరగంట గడిచినా ఏమీ కాలేదు. మళ్ళీ స్టార్ట్ చేస్తే లైటు రాలేదు. లైటే రానప్పుడు ఎందుకాపావు, ఎవరాపమన్నారు అని సాంబయ్యను పట్టుకున్నారు.

“లైటు అచ్చింది, గందుకే ఆపిన అంటున్నడట. ఆళ్ళు నమ్ముతలేరు. నువ్వొక్కసారి సూసి చెప్పు అన్నా” అంది కళావతి.

పిలవకుండా క్యాంపు గేటు దాటిన మనిషిని జలపతి ఇంతవరకూ చూడలేదు. అయినా టెస్ట్ బల్బు, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకున్నాడు.

“నువ్వు ఇంటికి పో చెల్లె. నేను పోయొస్త.”

క్యాంపులో బండి చూస్తానంటే ఎస్సై అతణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. “సరే చూడు. ఏమీ లేదంటే మాత్రం నీకూ వాడికీ ఒకటే గది.”

జలపతి తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది. ఇంజను స్టార్ట్ కాగానే ఆరిపోయింది. అట్లాగే కావాలి. బల్బు మంచిదే. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూశాడు, నిండుగా ఉంది. పది నిమిషాలు ఇంజను నడిచింది. లైటు రాలేదు.

“చూశావుగా” అన్నాడు ఎస్సై.

“సార్, సాంబయ్యను ఒక్క మాట అడగనియ్యుండ్రి.”

సాంబయ్యను తీసుకొచ్చారు. కుంటుతున్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

“లైటు అచ్చినప్పుడు బండి ఎట్ల పోతుండె?”

“సెకండ్ గేర్ల, జలపతన్నా. లోపట గింతమంది. మోరీ ఎక్కేటప్పుడు లాగుతలేదని గట్టిగ తొక్కిన. అప్పుడే అచ్చింది.”

జలపతికి దారి దొరికింది. నిలబడ్డ బండిలో ఇంజను కుదురుగా ఉంటుంది. బరువు లాగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది, దాని కింద వేసే రబ్బర్లు అరిగిపోతే ఇంకా ఎక్కువ. ఎస్సైని పక్క సీట్లో కూర్చోమన్నాడు. రెండో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్చు కొద్దిగా వదిలాడు. బండి వణికింది. బానెట్ కింద ఇంజను ఒరిగింది.

ఎర్ర లైటు వెలిగింది. క్లచ్చు తొక్కగానే ఆరిపోయింది. మళ్ళీ వదిలితే మళ్ళీ వెలిగింది.

బానెట్ ఎత్తి చూశారు. ఆయిల్ లైటుకు పోయే పసుపు రంగు వైరు ఇంజనుకు రాసుకుని రాసుకుని తోలు ఊడి, రాగి తీగ బయటపడింది. ఆ తీగ ఇనుముకు తగిలితే చాలు, ఆయిలు ఉన్నా లైటు వెలుగుతుంది. జలపతి ఇదంతా నిదానంగా చెప్పాడు.

“ఈ వైరు వేసిందెవడు?” అన్నాడు ఎస్సై.

రెండు నెలల కింద వేసింది జలపతే. ఆ సంగతి సాంబయ్యకు తెలుసు. సాంబయ్య తల దించుకుని నేల చూస్తున్నాడు. “యాదికి లేదు సార్” అన్నాడు. వెనకనున్న కానిస్టేబుల్ కర్ర సర్దుకున్నాడు.

“నేనే సార్” అన్నాడు జలపతి. “వైరు ఊగకుంట క్లిప్పు ఎయ్యాలె. ఆ దినం తొందరల ఎయ్యలే.”

“వెయ్యొద్దని ఎవరు చెప్పారు?”

“ఎవ్వలు చెప్పలే సార్. తప్పు నాది.”

సాంబయ్యను మధ్యాహ్నం వదిలేశారు. జలపతిని లోపల కూర్చోబెట్టారు. మూడు రోజులు అదే ప్రశ్న, అదే జవాబు. రెండోనాడు తగిలిన దెబ్బకు ఎడమ చెవి వినికిడి పోయింది, మళ్ళీ రాలేదు. నాలుగోనాడు జగిత్యాల నుంచి ఇంకో మెకానిక్కును పిలిపించారు. అతడూ బండిని అట్లాగే ఒరిగించి చూసి, నిర్లక్ష్యమే తప్ప కావాలని చేసింది కాదన్నాడు. జలపతి ఇంటికి వచ్చాడు.

సంగతి అక్కడితో తెగలేదు. తన తప్పు తానే ఒప్పుకున్నవాడు అబద్ధం ఆడడని ఎస్సైకి గురి కుదిరింది. జీపులన్నీ అతని దుకాణానికే పంపసాగాడు. వద్దనే ధైర్యం జలపతికి లేదు. నెల తిరక్కముందే ఒక పగటిపూట ముక్కూమొహం తెలియని ఇద్దరు వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

“పోలీసోళ్ళ బండ్లు నీ తాననే బాగైతున్నయట?” అన్నాడు ఒకడు. గట్టిగా అనలేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

జలపతి భార్య లీల ఆ సాయంత్రమే గిన్నెలు మూట కట్టింది. సిరిసిల్లలో ఆమె అన్నకు మరమగ్గాలున్నాయి. మగ్గాల మోటార్లు కాలిపోతే వాటికి మళ్ళీ రాగి తీగ చుట్టేవాళ్ళు అక్కడ ఎప్పుడూ కావాలి.

సామాను కారు మీద కట్టి తీసుకుపోయింది సాంబయ్యే. సిరిసిల్ల పొలిమేరలో మగ్గాల చప్పుడు వినబడ్డాక సాంబయ్య అడిగాడు.

“పాత వైరని ఒక్క మాటంటే అయిపోవు గదనే. ఎందుకు జెప్పినవు?”

జలపతి వెనక సీట్లోంచి ముందుకు వంగి, కుడి చెవి అతని వైపు తిప్పి, మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

“నువ్వు నా పేరు జెప్పలే గద” అన్నాడు.

సాంబయ్య సామాను దించి, ఒక పూట ఉండి, చీకటి పడకముందే కోరుట్లకు తిరిగిపోయాడు. జలపతి మర్నాటి నుంచి మోటార్లు చుట్టే పనిలో కుదిరాడు. మగ్గాల మోతలో అందరూ అరిచే మాట్లాడుకుంటారు కాబట్టి, అతనికి ఒక చెవి వినబడదని చాలాకాలం ఎవరికీ తెలియలేదు.