ప్లాస్టరు తొడుగులు

కెల్విన్ భార్య నోలీన్ అంత్యక్రియల్లో ట్రెవర్ లిడికోట్ పాట మధ్యభాగం ఎగ్గొట్టాడు. అది క్షమించే తప్పు కాదు.

కెల్విన్ పాస్కో గొర్రెను ముందుకాళ్లు పట్టి దొడ్డి తలుపులోంచి ఈడ్చుకొచ్చాడు. మోకాళ్ల మధ్య కూలేసి, మిషన్ కత్తెర తాడు లాగాడు. ముందు పొట్ట బొచ్చు, తర్వాత వెనక తొడ. అరవై దాటిన నడుము విల్లులా వంగిపోయింది. బనియను వీపుకు అంటుకుపోయింది. చెమట ముక్కు కొసన వేలాడి గొర్రె మీద రాలింది. పక్క స్థానంలో ట్రెవర్ కూడా అలాగే వంగి ఉన్నాడు. విల్గా డౌన్స్ గొర్రెల ఫారం షెడ్డులో ఇద్దరూ ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉన్ని కోస్తున్నారు. వాన గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. పాట గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ పాటను ఊళ్లో అందరూ 'పొడుగుది' అంటారు. వాళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ప్రతి పబ్బులోనూ చెవులు పగిలేలా మోగింది. మధ్యలో గిటారు ఒంటరిగా నడిచే భాగం ఒకటుంది. అక్కడ వేళ్లు గిటారు మెడ మీది మెట్లన్నీ ఆగకుండా ఎక్కాలి, ఆగకుండా దిగాలి. ఫుట్‌బాల్ క్లబ్బు డాన్సుల్లో ట్రెవర్ దాన్ని వాయించేవాడు. కెల్విన్ బీరు గ్లాసు పట్టుకుని గోడవారన నిలబడేవాడు. ఇంట్లో రేడియోలో ఆ భాగం వస్తే నోలీన్ గిన్నెలు తోమడం ఆపి, చెంచాతో సింకు అంచు మీద దరువేసేది. ఒక్క దెబ్బ తప్పేది కాదు.

తను పోతే ఆ పాటే వాయించాలంది. కెల్విన్‌కు గిటారు రాదు. ట్రెవర్‌ను పిలవాల్సొచ్చింది. ట్రెవర్ మధ్యభాగం వదిలేసి చివరికి దూకేశాడు. చర్చిలో ఎవరూ గమనించలేదు. మొదటి వరసలో కూచున్నవాడు గమనించాడు. పెట్టెలో ఉన్న మనిషికి వినపడితే ఆవిడా గమనించేది.

ఆ చలికాలమే కెల్విన్ అడిలైడ్ వెళ్లి పాత గిటారు కొన్నాడు.

గిటారు వాయించాలంటే వేళ్లకు కాయలు కాయాలి. ఉన్ని కోసేవాడి చేతికి కాయ నిలవదు. గొర్రె జిడ్డు పగలంతా చర్మంలోకి ఇంకి, సాయంత్రానికి వేలికొస పసిపిల్ల బుగ్గలా తయారవుతుంది. తీగ నొక్కితే తిన్నగా మాంసంలోకి దిగుతుంది. కెల్విన్ స్పిరిట్ రాసుకున్నాడు. పొద్దున గంట కొట్టకముందు, చేతులు పొడిగా ఉన్నప్పుడే, ట్రక్కు వెనక కూచుని సాధన చేశాడు. అయినా మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో చెయ్యి బిగుసుకుపోయేది.

ఆ చిక్కు షెడ్డులోనే వీడింది. గొర్రె వీపు మీద తోక నుంచి మెడదాకా కత్తెర ఒకే ఊపులో పోవాలి. దానికి చెయ్యి తోస్తే లాభం లేదు. మోకాలితో గొర్రెను జరుపుతూ ఉంటే కత్తెర దానంతట అదే సాగుతుంది. మర్నాడు పొద్దున గిటారు మెడ వెనక బొటనవేలిని ముందుగా జరిపి చూశాడు. మిగతా వేళ్లు దాని వెంట గొర్రెల్లా నడిచాయి.

ఇవాళ కోతకు ఆఖరి రోజు. కెల్విన్‌కైతే పనికే ఆఖరి రోజు. చివరి గొర్రె లేచి పరుగెత్తగానే, చేతులైనా కడుక్కోకుండా అక్కడే చెక్కల మీద నిలబడి బీరు తాగడం వాళ్ల ఆనవాయితీ. ఆ రోజు అంత్యక్రియలకు చర్చికి వచ్చినవాళ్లంతా ఉంటారు. వాయిస్తే అప్పుడే వాయించాలి. అప్పటికి వేళ్లు వెన్నలా అయిపోతాయి.

అందుకే టీ విరామంలో ఎడమచేతి నాలుగు వేలికొసలకూ గుడ్డ ప్లాస్టరు గట్టిగా చుట్టాడు.

ట్రెవర్ చూశాడు. "ఏంట్రా ముసలోడా, గోళ్లరంగు ఆరలేదా?"

అందరూ పగలబడి నవ్వారు.

"నీ గొర్రెను నువ్వు చూసుకో" అన్నాడు కెల్విన్.

కోసేటప్పుడు ఎడమచెయ్యి గొర్రె తోలును లాగి ముడతలు తడుముతూ ఉండాలి. ప్లాస్టరులోంచి ముడత తెలియలేదు. ఒక గొర్రెకు డొక్క తెగింది. తనే సూది తీసి కుట్టాడు. నిదానించక తప్పలేదు. "ఇంత మెల్లగా కోస్తే వెనక మళ్లీ మొలుస్తుందిరా, కెల్!" అని ట్రెవర్ ఒకదాని తర్వాత ఒకటిగా గొర్రెల్ని లాక్కెళ్లాడు. షెడ్డులో అందరికన్నా ముందుండేవాడన్న కెల్విన్ పేరు ఆఖరి పూట ట్రెవర్‌కు దక్కింది. కెల్విన్ తలెత్తి చూడలేదు.

గంట మోగింది. సీసాలు తెరుచుకున్నాయి. కెల్విన్ ట్రక్కులోంచి గిటారు, స్పీకరు పెట్టె మోసుకొచ్చి దాని వైరు గోడకున్న ప్లగ్గులో గుచ్చాడు.

వంటమనిషి డల్సీ అరిచింది. "ఫ్యూజు పోయి నా ఓవెన్ ఆగిందంటే నీకు మటన్ పచ్చిదే పెడతా!"

కెల్విన్ ప్లాస్టర్లు ఒక్కొక్కటే ఊడలాగి కిటికీ గట్టు మీద పెట్టాడు. లోపల వేలికొసలు తెల్లగా, పొడిగా, గవ్వల్లా ఉన్నాయి.

మొదలుపెట్టగానే ఎవరో ఈల వేశారు. ఇంకెవరో బూటుతో చెక్క మీద తన్నారు. మధ్యభాగం వచ్చింది. బొటనవేలు ముందు జరిగింది. వేళ్లు ఎక్కాయి, ఇంకా ఎక్కాయి, మునుపు ఆగిపోయే చోట ఆగలేదు. రేకుల కప్పు వణికింది. దొడ్లో గొర్రెలు ఒక మూలకు ఒదిగాయి. చెంచా దరువు పడాల్సిన చోట్లు అతనికి తెలుసు. వాటిని ఖాళీగా వదిలి వాయించాడు. కొసన తీగను నొక్కి పట్టి, అది అరిచినంతసేపూ అరవనిచ్చి, అప్పుడు దిగాడు. ఒక్క మెట్టు తప్పలేదు.

షెడ్డు దద్దరిల్లింది. టోపీలు ఎగిరాయి. "మళ్లీ!" అని అరిచారు. డల్సీ ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది. కెల్విన్ మొహాన నవ్వు రాలేదు. వంగిన నడుము మాత్రం నిటారుగా నిలబడింది.

ట్రెవర్ సీసా కింద పెట్టి దగ్గరకొచ్చాడు.

"మధ్యది కూడా వాయించావే."

"అది లేకపోతే పాట కాదు."

ట్రెవర్ మొహం పాలిపోయింది. "ఆ రోజు చర్చిలో... వేళ్లు రాలేదురా. ఎవరికీ తెలియలేదనుకున్నా. ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేం?"

"ఇప్పుడన్నాగా."

"కెల్, నేను..." ట్రెవర్ చెయ్యి చాచాడు.

కెల్విన్ గిటారును పెట్టెలో పెట్టి గడియ వేశాడు. "నా నోట ఇక ఆ సంగతి రాదు. నువ్వెత్తినా వినను."

మటన్ కోసం ఆగలేదు. ట్రక్కు దుమ్ము గేటు దాటి రోడ్డెక్కింది.

అతను కోసిన చోట, కిటికీ గట్టు మీద, నాలుగు ప్లాస్టరు తొడుగులు నిలబడి ఉన్నాయి. బయటంతా జిడ్డు, లోపల పొడి, వేళ్ల ఆకారం అలాగే.