వినపడే దూరం

గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకున్న చెవులు మా బావకు లేవు. రెండు చలికాలాల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆయన వినికిడిని కూడా పట్టుకుపోయింది. ఈ సంగతి ఊళ్ళో ముగ్గురికే తెలుసు. ఆయనకు, మా అక్కకు, వాళ్ళ పంచన ఉండి ఉన్ని వడికే నాకు.

బావ గొర్రెల కాపరి. మంద ఊరందరిదీ. ఈ కొండమీద మేం కట్టుకునేదీ కప్పుకునేదీ, పాలూ, చేలకు ఎరువూ అన్నీ ఆ మంద నుంచే రావాలి. ఉప్పూ ఇనుమూ తప్ప కింది నుంచి మాకేదీ రాదు. అందుకే కాపరి విషయంలో ఊరికి గట్టి పట్టింపు. రాయి దొర్లినా తోడేలు కదిలినా ముందు వినాల్సింది అతనే. చెవులు మందగిస్తే మందను ఇంకొకరికిచ్చి, అతన్ని ఉన్ని కుప్ప దగ్గర కూర్చోబెడతారు. తిండికి లోటు చెయ్యరు. కాకపోతే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ "పాపం" అంటుంటారు.

"ఉన్ని ఏకుతూ కూర్చోమంటే నేను బతకను," అన్నాడు బావ, జ్వరం తగ్గిన కొత్తలో. తన గొంతు తనకు వినపడదు కనుక అరిచినట్టే అన్నాడు. అక్క గబుక్కున ఆయన నోరు మూసి, తలుపు వేసింది. ఆ రోజే ముగ్గురం ఒక మాట అనుకున్నాం.

పొద్దుగూకే వేళ ఊరి అంచున నిలబడి, ఎదుటి వాలు మీదున్న తమవాళ్ళను కేకేసి పిలుచుకోవడం ఇక్కడ అందరూ చేసే పనే. అక్క ముందుగా పొయ్యిలో పచ్చి ఆకులు వేసి పొగ లేపేది. అది బావ కోసం. తర్వాత బయటికొచ్చి, "ఓ మొద్దు మొహమా, ఇల్లు గుర్తుందా?" అని గొంతెత్తేది. అది ఊరి కోసం. పొగ చూసి బావ లేచేవాడు, కేక విని గొర్రెలు లేచేవి. "మొగుడంటే అట్లా ఉండాలి. ఒక్క పిలుపుకే కదులుతాడు," అని కుమ్మరామె తన మొగుణ్ణి దెప్పేది. బావ మొదటినుంచీ మాట పొదుపరి కావడం మాకు కలిసొచ్చింది. పలకరిస్తే నవ్వి ఊరుకునేవాడు. "నీతో మాట్లాడ్డం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అని వాళ్ళే హాస్యమాడేవాళ్ళు.

ఇంటికొచ్చాక నన్ను సైగతో అడిగేవాడు, ఇవాళ మీ అక్క ఏమని తిట్టింది అని. నేను మూతి తిప్పి, నడుం మీద చేతులు పెట్టి చూపించేదాన్ని. బావ పగలబడి నవ్వేవాడు. అక్క గరిటె ఎత్తేది. నా జీవితంలో మంచి రోజులంటే అవే.

చిక్కల్లా కొండకు మబ్బు దిగిన రోజునే. పొగ కనపడదు. దానికీ బావ ఒక ఉపాయం పెట్టుకున్నాడు. మందలో ఒక ముసలి గొర్రె ఉండేది, దారి దానికి కంఠతా వచ్చు. దాని వీపు మీది ఉన్ని పిడికిట పట్టుకుని, అది నడిచినట్టు నడిచి ఇల్లు చేరేవాడు. గొర్రె నింపాదిగా నడిస్తే చాలు. అందుకని ఆ రోజుల్లో అక్క పిలిచేది కాదు. పిలుపు వింటే గొర్రెలు పరుగందుకుంటాయి.

ఆ రోజు మధ్యాహ్నమే మబ్బు దిగింది. చెయ్యి చాస్తే వేళ్ళు కనపడలేదు. పొద్దుగూకినా బావ రాలేదు. ఊరంతా అంచుకు చేరింది. మబ్బులో చిక్కిన మనిషికి గొంతే దారి అని మావాళ్ళ నమ్మకం. ఎందరో అలాగే ఇల్లు చేరారు కూడా.

"పిలువమ్మా," అన్నాడు ఊరిపెద్ద.

"గొంతు బాగాలేదు మామయ్యా," అంది అక్క.

"మొగుడు మబ్బులో ఉంటే గొంతు చూసుకుంటావా? మంద నీ గొంతే ఎరుగుతుంది. ఇంకెవరు పిలిచినా కదలదు. పిలువు."

నిజం చెబితే మంద పోతుంది, బావ ఉన్ని కుప్ప దగ్గరికి పోతాడు. పిలిస్తే గొర్రెలు పరుగెత్తుతాయి. అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆయన పట్టు గట్టిదేలే, వదలడులే అనుకుందో ఏమో, అక్క పిలిచింది. తిట్టలేదు. ఇంటికి రా అని మాత్రమే పిలిచింది.

కాసేపటికి గిట్టల చప్పుడు వినపడింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ గొర్రెలు వచ్చిపడ్డాయి. అన్నిటికన్నా ముందు ముసలిది వచ్చి అక్క చేతిని మూతితో పొడిచింది. దాని పక్కన మనిషి లేడు.

"వెనకే వస్తుంటాడు," అని జనం ఇంకా గట్టిగా కేకలు మొదలుపెట్టారు.

"అరవకండి," అంది అక్క. "ఆయనకు వినపడదు. రెండేళ్ళ నుంచీ వినపడదు."

మగవాళ్ళు తాళ్ళూ కాగడాలూ తీసుకుని దిగారు. తెల్లవారాక దొరికాడు, దారి మలుపు కింద, రాళ్ళలో. పిడికిట్లో గుప్పెడు ఉన్ని ఉంది. వేళ్ళు విప్పనివ్వలేదు అక్క, అట్లాగే మట్టి చేశాం.

కొన్నాళ్ళకు ఊరిపెద్ద వచ్చి గడప మీద కూర్చున్నాడు. "చెప్పి ఉంటే మంద ఒక్కటే కదమ్మా పోయేది, మనిషి ఉండేవాడు," అని కళ్ళు తుడుచుకున్నాడు.

"అవును మామయ్యా," అంది అక్క.

మందను మాకే ఉంచుతున్నామన్నాడు, పెద్ద మేలు చేస్తున్నట్టు. నాకు ఒళ్ళు మండింది. కాదంటే తినేదేమిటి? మర్నాటి నుంచి నేనే తోలుకుపోతున్నాను.

ఒకరోజు ఈనిన గొర్రెతో ఆలస్యమైంది. చీకటి పడుతోంది. ఊరి అంచు నుంచి అందరి కేకలూ వినపడుతున్నాయి, అక్కది తప్ప. పిల్లను భుజాన వేసుకుని, మందను తోలుకుంటూ పైకెక్కాను. అక్క అక్కడే నిలబడి ఉంది, రెండు చేతులతో నోరు అదిమిపెట్టుకుని. నన్ను చూడగానే వీపు మీద ఫెడీమని ఒక్కటిచ్చి, మెడ పట్టుకుని బావురుమంది.

"ఆలస్యం చెయ్యకే," అంది. "నాకు పిలిచే పని పెట్టకు. నేను పిలిస్తే గొర్రెలే వస్తాయి."